కవర్లో టీ... కడుపులో బిడ్డ

వేడివేడి టీ, సాంబారు, కూర... కొండ దిగి సంతకొచ్చినవాళ్లు అన్నీ కవర్లలోనే కట్టించుకుంటున్నారు. ప్లాస్టిక్ నుంచి జారే కొన్ని రసాయనాలు ఒంట్లో హార్మోన్ల పనికి అడ్డుపడతాయనీ, ఆ దెబ్బ పసి మెదడుకీ జ్ఞాపకశక్తికీ తగలొచ్చనీ దేశదేశాల పరిశోధనలు హెచ్చరిస్తున్నాయి. విస్తర్లు గుచ్చే అడ్డాకు పుట్టిన కురుపాం కొండల నుంచి ఈ ఆదివారం ప్రత్యేక కథనం.

పొద్దు ఇంకా పైకెక్కలేదు. కురుపాం వారపు సంతకి కొండదారులన్నీ కదిలొస్తున్నాయి. ఆటోల మీద చింతపండు బస్తాలు, నెత్తిన గంపల్లో పసుపు కొమ్ములు, చంకలో కొండచీపుర్ల కట్టలు. సంత మొదట్లోనే టీ కొట్టు. నెలలు నిండుతున్న ఒకావిడ కొట్టు ముందు ఆగింది.

“నాలుగు టీలు కట్టీ బావూ. మావోళ్లు జీడిపిక్కల కాడ కూకున్నారు.”

కొట్టాయన పల్చటి కవరు మూతిని ఊది విప్పాడు. గిన్నెలో పొర్లుతున్న టీని గరిటెతో అందులోకి వంచాడు. అంతవరకు గరగరలాడిన కవరు టీ తగలగానే మెత్తబడింది. అడుగు సాగి కిందికి దిగింది, మడతల దగ్గర తెల్లటి ముడతలు పడ్డాయి. మూతి మెలిపెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, పైన నాలుగు పేపరు గ్లాసులు పెట్టి అందించాడు. ఆమె దాన్ని వేలికి తగిలించుకుని జనంలోకి నడిచింది. తనవాళ్ల దగ్గరికి చేరి గ్లాసుల్లో పోసేసరికి ఎంత లేదన్నా పది నిమిషాలు పడుతుంది.

మన ఊళ్లలో ఇంతకన్నా మామూలు దృశ్యం ఉండదు. పార్వతీపురం బస్టాండులో, సాలూరు రోడ్డులో, విశాఖ కూడళ్లలో రోజూ చూసేదే. అయితే ఆ పది నిమిషాల్లో వేడికీ ప్లాస్టిక్కుకీ మధ్య ఏం జరుగుతుందన్నది ఇప్పుడు ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు తేల్చడానికి ప్రయత్నిస్తున్న విషయం. ఆ ప్రశ్న అందరికన్నా ముందు తగిలేది ఆమె కడుపులోని బిడ్డకే.

మెదడు దాకా వచ్చిన చర్చ

ప్లాస్టిక్ గురించి ఇన్నేళ్లూ మనం మాట్లాడుకున్నదంతా చెత్త గురించే. కాలవలు పూడిపోతున్నాయని, ఆవుల కడుపుల్లో కవర్లు బయటపడుతున్నాయని బాధపడ్డాం. 2025 ఫిబ్రవరిలో ఆ చర్చ ఒక్కసారిగా మన తలలోకే వచ్చింది. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్యాంపెన్ బృందం, మరణించినవారి మెదడు, కాలేయం, మూత్రపిండాల నమూనాలను పరీక్షించి ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. మిగతా రెండు అవయవాల్లో కన్నా మెదడులోనే ప్లాస్టిక్ రేణువులు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. 2016 నాటి నమూనాలతో పోలిస్తే 2024 నాటి మెదళ్లలో దాదాపు 50 శాతం పెరిగాయి. మతిమరుపు జబ్బు డిమెన్షియాతో పోయినవారి మెదళ్లలో మరీ ఎక్కువ. దొరికినవాటిలో పెద్ద వాటా పాలిథీన్‌ది. మన చేతిలో వేలాడే కవరు తయారయ్యేది దానితోనే.

ఈ ఫలితాలు చూసి ప్లాస్టిక్ వల్లే డిమెన్షియా వచ్చిందనుకోకూడదని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. జబ్బుపడిన మెదడులో రక్షణ పొర బలహీనపడి రేణువులు ఎక్కువగా లోపలికి చేరి ఉండొచ్చు. కొవ్వు దండిగా ఉండే మెదడు కణజాలంలో పాలిథీన్‌ను కొలిచే పద్ధతి మీద కూడా ఇతర పరిశోధకులు సందేహాలు లేవనెత్తారు.

రేణువుల లెక్క తేలడానికి ఇంకా సమయం పడుతుంది. వాటితో పాటు ప్లాస్టిక్‌లో కలిసివచ్చే రసాయనాల సంగతి మాత్రం శాస్త్రానికి కొత్త కాదు. వాటి మీద ముప్పై ఏళ్లకు పైగా సాక్ష్యం పోగుపడుతూ వచ్చింది.

దొంగ చాటింపు

హార్మోన్ అంటే మన ఒంట్లో వేసే చాటింపు. థైరాయిడ్ గ్రంథి నుంచో, అండాశయం నుంచో బయల్దేరి రక్తంలో తిరుగుతూ, ఎవరికి ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో చెబుతుంది. ప్లాస్టిక్‌లోని కొన్ని రసాయనాల ఆకారం హార్మోన్లను పోలి ఉంటుంది. అవి కూడా ఊళ్లోకి దూరి డప్పు కొడితే? ఎవరో ఒకరు నమ్మి వేళ కాని వేళ పని మొదలుపెడతారు. లేదా ఆ గోలలో అసలు చాటింపు వినపడకుండా పోతుంది. ఇలా హార్మోన్ల పనిలో తలదూర్చే రసాయనాలనే ఎండోక్రైన్ డిస్రప్టర్లు అంటున్నారు. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కాల్బార్న్ చొరవతో శాస్త్రవేత్తలు సమావేశమైనప్పటి నుంచి ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

హార్మోన్లు అతి తక్కువ మోతాదులోనే పనిచేస్తాయి. అందుకే వాటిని పోలిన రసాయనాల విషయంలో ‘కొంచెమే కదా’ అని ధీమాగా ఉండలేం. పైగా పెద్దవాళ్ల ఒంట్లో అవి కలిగించే ఇబ్బంది వేరు, అవయవాలు అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న పిండంలో కలిగించే ఇబ్బంది వేరు.

---
ఏవి? ఎక్కడుంటాయి?

• బిస్ఫినాల్-ఎ (బీపీఏ): గట్టిగా, పారదర్శకంగా ఉండే పాలికార్బొనేట్ నీళ్ల క్యాన్లు, సీసాలు, డబ్బా ఆహారం టిన్నుల లోపలి పూత, మిషన్ నుంచి వచ్చే నున్నటి రసీదులు.

• థాలేట్లు: మెత్తటి పీవీసీ వస్తువులు – సాగే బొమ్మలు, ట్యూబులు, రెయిన్‌కోట్లు, చవక చెప్పులు. సువాసన నిలవడానికి కొన్ని సౌందర్య సాధనాల్లోనూ వాడతారు. నూనె, కొవ్వు తగిలితే సులువుగా జారతాయి.

• బీపీఎస్, బీపీఎఫ్: ‘బీపీఏ లేదు’ అని రాసిన వస్తువుల్లో దానికి బదులుగా వాడుతున్న చుట్టాలు.

• ప్లాస్టిక్‌లలో వాడే, లేదా వాటిలో కనిపించే రసాయనాలు 16,000కు పైగా ఉన్నాయని, వాటిలో 4,200కు పైగా ఆందోళన కలిగించేవేనని 2024లో వెలువడిన ప్లాస్ట్‌కెమ్ నివేదిక లెక్కగట్టింది.
---

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. టీ కట్టే పల్చటి పాలిథీన్ కవరు తయారీకి బీపీఏ అక్కర్లేదు, మెత్తదనం కోసం థాలేట్లు కలపాల్సిన పనీ లేదు. అంతమాత్రాన అది నిరపాయం అనలేం. రంగులు, సిరాలు, రకరకాల కలుపుడు రసాయనాలు అందులో ఉండొచ్చు. పాత ప్లాస్టిక్‌ను కరిగించి తీసిన కవరైతే అంతకుముందు అది ఏ డబ్బానో, ఏ బకెట్టో ఎవరికి తెలుసు? మరిగే టీ పోయడానికైతే దాన్ని ఎవరూ తయారుచేయలేదు.

పేపరు గ్లాసులోనూ లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ప్రొఫెసర్ సుధా గోయల్ బృందం ఆ గ్లాసుల్లో 85–90 డిగ్రీల వేడినీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచింది. 100 మిల్లీలీటర్లలో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు తేలాయి. రోజుకు మూడు గ్లాసుల టీ తాగే మనిషి ఒంట్లోకి 75,000 రేణువులు చేరతాయన్నమాట.

మందు కాబోయి ప్లాస్టిక్ అయింది

బీపీఏ హార్మోన్‌లా పనిచేస్తుందన్నది నిన్నమొన్న బయటపడిన రహస్యమేమీ కాదు. 1936లో లండన్‌లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త ఈస్ట్రోజన్ హార్మోన్‌కు ప్రత్యామ్నాయం వెతుకుతూ దీన్ని పరీక్షించాడు. ఆడవాళ్ల హార్మోన్‌లా పనిచేస్తోందని గుర్తించాడు. ఆ తర్వాత అంతకన్నా బలమైన డీఈఎస్ అనే మందు దొరకడంతో వైద్యం దీన్ని పక్కనపెట్టింది. 1950ల్లో ప్లాస్టిక్ పరిశ్రమ మళ్లీ చేతిలోకి తీసుకుంది. బీపీఏతో గాజులా మెరిసే, కిందపడినా పగలని పాలికార్బొనేట్ తయారైంది. హార్మోన్ గుణం ఉందని ముందే తెలిసిన పదార్థం పాలసీసాల్లోకీ నీళ్ల క్యాన్లలోకీ అలా వచ్చిచేరింది.

దాని ప్రభావం మళ్లీ కంటపడింది కూడా అనుకోకుండానే. 1998లో అమెరికాలో ప్యాట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఆడ ఎలుకల అండాల్లో క్రోమోజోములు ఒక్కసారిగా గతి తప్పాయి. కారణం కోసం వెతికితే తేలిందేమిటంటే, ఎలుకల ప్లాస్టిక్ బోనులనూ నీళ్ల సీసాలనూ పొరపాటున ఘాటైన సబ్బుతో కడిగారు. గీతలుపడి పాడైన ఆ ప్లాస్టిక్ నుంచి బీపీఏ కారింది. మన వంటింట్లో గీతలుపడి మసకబారిన ప్లాస్టిక్ డబ్బాలను చూసినప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన ఉదంతం ఇది.

జ్ఞాపకం పుట్టే చోట

చెవులకు లోపలి వైపు, మెదడు లోతుల్లో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఈరోజు నేర్చుకున్నది రేపటికి నిలవాలంటే అది పనిచేయాలి. అక్కడి నాడీకణాలు ఒకదాంతో ఒకటి కొత్త లంకెలు వేసుకుంటూ ఉంటాయి. ఆ పనికి ఈస్ట్రోజన్ ఆసరా అవసరం.

2008లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చాబా లెరాంత్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగం ఇక్కడే కీలకమైంది. అమెరికా పర్యావరణ సంస్థ ‘రోజూ ఇంత చేరినా ఫర్వాలేదు’ అన్న మోతాదులోనే 28 రోజులపాటు వాటికి బీపీఏ ఇచ్చారు. ఈస్ట్రోజన్ వల్ల హిప్పోక్యాంపస్‌లోనూ, ఆలోచనకు ఆధారమైన ముందరి మెదడులోనూ ఏర్పడాల్సిన కొత్త లంకెలు ఏర్పడలేదు. మనిషికి దగ్గర బంధువైన జంతువులో, సురక్షితం అనుకున్న మోతాదులో ఈ ఫలితం రావడంతో శాస్త్రలోకం ఉలిక్కిపడింది.

‘బీపీఏ లేదు’ అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండలేమని 2015లో మరో ప్రయోగం చెప్పింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డెబొరా కురాష్ బృందం జీబ్రా చేప పిండాలను అతి స్వల్పంగా బీపీఏ, బీపీఎస్ కలిపిన నీళ్లలో పెంచింది. మెదడులో ఒక భాగంలో నాడీకణాలు వేళకు ముందే పుట్టుకొచ్చాయి. బీపీఏతో 180 శాతం, బీపీఎస్‌తో 240 శాతం ఎక్కువ. ఆ తర్వాత ఆ చేప పిల్లలు నిలకడ లేకుండా తిరిగాయి. అసలుదానికన్నా బదులుగా తెచ్చినదే ఎక్కువ తేడా చేసిందన్నమాట.

మొదటి మాటలు ఆలస్యమైతే...

చేపలూ కోతులూ సరే, మన పిల్లల మాటేమిటి? గర్భిణులకు రసాయనాలిచ్చి పరీక్షించలేం. అందుకే పరిశోధకులు గర్భిణుల మూత్రంలో రోజువారీ జీవితం నుంచి చేరిన రసాయనాలను కొలిచి, పుట్టిన బిడ్డలను ఏళ్ల తరబడి గమనిస్తారు.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం పేద కుటుంబాలకు చెందిన 328 మంది తల్లులనూ వారి పిల్లలనూ అలా గమనించి 2014లో ఫలితాలు ప్రకటించింది. గర్భంలో ఉండగా రెండు రకాల థాలేట్లు బాగా ఎక్కువగా తాకిన పిల్లలకు, అతి తక్కువగా తాకినవారితో పోలిస్తే ఏడేళ్ల వయసులో ఐక్యూ సగటున 6 పాయింట్లకు పైగా తగ్గింది.

2018లో స్వీడన్, అమెరికాల్లో జరిగిన మరో అధ్యయనం మాటల మీద దృష్టి పెట్టింది. రెండున్నర, మూడేళ్ల వయసొచ్చినా 50 మాటలకు మించి రాని పిల్లలు, థాలేట్ల తాకిడి ఎక్కువున్న తల్లులకే ఎక్కువగా కనిపించారు.

ఈ లెక్కను కురుపాం కొండల్లో పెట్టి చూడాలి. ఇక్కడ సవర గిరిజనుల ఇంట్లో బిడ్డ తొలి మాటలు సవరలో పలుకుతుంది. అంగన్‌వాడీలో తెలుగు నేర్చుకోవాలి. బడికెళ్లాక ఇంగ్లిషు. మూడేళ్ల వయసు నుంచే రెండు మూడు భాషల బరువు మోసే పిల్లలు వీళ్లు. పక్కనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి శ్రమించి నిఘంటువు కూర్చింది ఈ సవర భాషకే. పాటలు, మందు చెట్ల గుర్తులు, పోడు కాలాల లెక్కలు ఇక్కడ పుస్తకాల్లో కన్నా మనుషుల జ్ఞాపకంలోనే ఎక్కువగా నిలిచి ఉన్నాయి. మాటకీ జ్ఞాపకానికీ కలిగే చిన్న నష్టం ఇలాంటి చోట పెద్దదవుతుంది.

ఇంకో ముడి థైరాయిడ్‌ది. పిండం మెదడు కట్టుకునే తొలి నెలల్లో సొంత థైరాయిడ్ హార్మోన్ ఉండదు. పూర్తిగా తల్లి మీదే ఆధారపడుతుంది. ఆ హార్మోన్ పనికి బీపీఏ అడ్డుపడగలదని జపాన్ శాస్త్రవేత్తలు 2002లోనే ప్రయోగశాలలో చూపించారు. ఆ హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. వానలకు నేలలోని అయోడిన్ కొట్టుకుపోయే కొండ ప్రాంతాల్లో అది తక్కువ పడే ప్రమాదం ఎక్కువ. అయోడిన్ తగ్గితే వచ్చే గొంతు వాపు గాయిటర్ నియంత్రణకు దేశంలో పథకం 1962లోనే మొదలైంది. 2006 నుంచి అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదు. తల్లికి అయోడిన్ చాలకుండా ఉన్నప్పుడు, ఉన్న కాస్త హార్మోన్‌నూ అడ్డగించే రసాయనం చేరితే దెబ్బ మీద దెబ్బే.

తెలుగు నేల మీద కూడా ఈ పరిశోధన నడుస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సంజయ్ బసక్ బృందం ఈ రసాయనాల మీదే పనిచేస్తోంది. ప్లాస్టిక్ నుంచి వచ్చే ఎండోక్రైన్ డిస్రప్టర్లు మావిని దాటి పిండం ఎదుగుదలను ఎలా తారుమారు చేయగలవో 2020లో సమగ్రంగా సమీక్షించింది. గర్భిణి ఎలుకలకు బీపీఏ ఇచ్చి, వాటికి పుట్టిన మగపిల్లల సంతాన సామర్థ్యం దెబ్బతినడాన్ని ప్రయోగంలో చూపించింది కూడా ఈ సంస్థే.

కొండెక్కిన ప్లాస్టిక్

పూర్వం ఈ కొండల్లో తిండికీ ప్లాస్టిక్కుకీ సంబంధమే లేదు. చోడి అంబలి ఆనపకాయ బుర్రలో పోసుకుని పోడుకెళ్లేవారు. మధ్యాహ్నం దాకా చల్లగా ఉండేది. భోజనానికి అడ్డాకు. వెడల్పాటి ఆ ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి సన్నటి పుల్లలతో గుచ్చితే విస్తరి. మలిచి గుచ్చితే దొన్నె. వేడి అన్నం పడితే ఆకు నుంచి ఒక కమ్మటి వాసన లేస్తుంది. మైదానంలో పెళ్లిళ్లకూ దేవుడి భోజనాలకూ ఈ ఆకులే దిగివెళ్లేవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ జీసీసీ కొనే అటవీ ఉత్పత్తుల్లో తేనె, చింతపండు, కుంకుడుకాయలతో పాటు అడ్డాకూ ఉంది.

రోడ్లు పడ్డాయి, ఆటోలు తిరిగాయి, సంతకు కొత్త సరుకు వచ్చింది. పైసా ఖర్చు లేకుండా, కారిపోకుండా, వేలికి తగిలించుకుని కొండెక్కడానికి వీలుగా కవరు దొరికింది. పది రూపాయల నూనె కూడా కవర్లోనే. ఆ సౌకర్యాన్ని వాడుకున్నందుకు కొండ మీది మనిషిని తప్పుపట్టలేం. తప్పు ఎక్కడంటే, వేడి తిండికి పనికిరాని వస్తువును వేడి తిండికి వాడేలా బజారును వదిలేయడంలో ఉంది.

చట్టాలు లేకపోలేదు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి చేతిసంచులు వాడకూడదు. సంతలో చూస్తే పల్చటి కవర్ల కట్టలు దారాలకు వేలాడుతూనే ఉన్నాయి. పెళ్లిభోజనాల్లో అడ్డాకు స్థానంలో కొత్తరకం పేపరు ప్లేటు కూర్చుంది. పైన పచ్చటి అరిటాకు బొమ్మ అచ్చేసి ఉంటుంది. గోటితో గీరితే తళతళలాడే ప్లాస్టిక్ పొర లేచివస్తుంది. వేడి సాంబారు పడేది దాని మీదే.

వాడి పారేశాక మరో ప్రమాదం మొదలవుతుంది. చెత్త బండి రాని గూడేల్లో కవర్లు పోగేసి తగలబెడతారు, లేదా తడి కట్టెల పొయ్యి రాజేయడానికి వాడతారు. ఆ చెత్తలో పీవీసీ ముక్కలుంటే మండేటప్పుడు డయాక్సిన్లు పుడతాయి. అవి కూడా థైరాయిడ్ పనికి అడ్డుపడేవే. పొగ పీల్చేది పొయ్యి దగ్గరున్న తల్లీ, ఆమె చంకలో బిడ్డా.

నీళ్ల దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి

2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో, నీళ్ల ద్వారా కూడా పాకే పచ్చకామెర్లు ప్రబలాయి. పెద్ద సంఖ్యలో విద్యార్థినులు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు అమ్మాయిల ప్రాణాలు పోయాయి. ఆ కడుపుకోత చూసిన ఊళ్లో నిలబడి ‘క్యాను నీళ్లు తాగకండి, ప్లాస్టిక్ ఉంది’ అని చెప్పడం న్యాయం కాదు. నీళ్లలోని క్రిమి వారాల్లో ప్రాణం తీయగలదు. ప్లాస్టిక్ రసాయనం నెమ్మదిగా, ఏళ్ల మీద పనిచేస్తుంది. ముందు శుభ్రమైన నీళ్లు కావాలి. ఆ తర్వాతే పాత్ర గురించి ఆలోచించాలి.

రెండూ ఒకేసారి సాధ్యం కాకపోవడానికి కారణం లేదు. శుద్ధిచేసిన నీటిని స్టీలు ట్యాంకుల్లో, స్టీలు బిందెల్లో పిల్లలకు అందించవచ్చు. 2009లో హార్వర్డ్ పరిశోధకులు 77 మంది విద్యార్థుల చేత వారంపాటు చల్లటి పానీయాలు పాలికార్బొనేట్ సీసాలతో తాగించారు. వాళ్ల మూత్రంలో బీపీఏ దాదాపు మూడింట రెండొంతులు పెరిగింది. చల్లటి నీళ్లకే ఇంత తేడా వస్తే, ఎండలో లారీ మీద వచ్చి వరండాలో పడి ఉండే క్యాన్ల సంగతి ఆలోచించాల్సిందే.

---
అంకెల్లో...

• 20,000 రెట్లు: రోజూ ఒంట్లో చేరినా ఫర్వాలేదనుకునే బీపీఏ పరిమితిని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023 ఏప్రిల్‌లో ఇన్ని రెట్లు తగ్గించింది.

• 2025 జనవరి 20: ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏపై ఐరోపా సమాఖ్య నిషేధం అమల్లోకి వచ్చిన రోజు. సంస్థలకు మారడానికి గడువు ఇచ్చారు.

• 2,40,000: లీటరు సీసా నీళ్లలో సగటున కనిపించిన ప్లాస్టిక్ రేణువులు. కొలంబియా విశ్వవిద్యాలయం 2024లో లెక్కించింది. వీటిలో 90 శాతం అత్యంత సూక్ష్మమైన నానో రేణువులే.

• 2021 జనవరి 1: మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరైన రోజు. ఆ ప్రమాణాల్లో థాలేట్లకూ పరిమితి ఉంది. సంతలో విడిగా అమ్మే బొమ్మ మీద ఆ గుర్తు ఉందో లేదో చూడాలి.
---

సందేహాలున్నా సరే...

ఈ రంగంలో అందరూ ఒకే మాట మీద లేరు. ఇప్పుడు వాడుతున్న మేరకు బీపీఏ సురక్షితమేనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ అంటోంది. ఐరోపా పెట్టిన పరిమితి మరీ కఠినమని జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ వాదించింది. తల్లీబిడ్డల అధ్యయనాల్లో పేదరికం, పోషణ, చదువు వంటివి కూడా కలిసి ఉంటాయి. ఒక్క రసాయనాన్నే విడదీసి వేలెత్తి చూపడం కష్టం. పైగా ఆ అధ్యయనాలు చాలావరకు పాశ్చాత్య దేశాలవే.

అయినా ఆగి చూద్దాం అనడానికి వీల్లేనిది మెదడు విషయంలోనే. కాలేయం దెబ్బతింటే కొంతవరకు తిరిగి పెరుగుతుంది. మెదడు పునాది ఒక్కసారే పడుతుంది, అదీ తల్లి కడుపులో. పూర్తి రుజువు చేతికొచ్చేసరికి ఒక తరం పిల్లలు బడి దాటిపోతారు.

మనకు ధైర్యమిచ్చే మాట ఒకటుంది. ఈ రసాయనాల్లో చాలావరకు ఒంట్లో ఏళ్లపాటు పేరుకుపోయేవి కావు. గంటల్లో, రోజుల్లో బయటికి పోతాయి. రోజూ కొత్తగా చేరడం వల్లే అవి ఎప్పుడూ ఉన్నట్టు కనిపిస్తాయి. 2011లో అమెరికాలోని సైలెంట్ స్ప్రింగ్ ఇన్‌స్టిట్యూట్ ఐదు కుటుంబాలకు మూడు రోజులు ప్లాస్టిక్, టిన్ను డబ్బాలు తగలని తాజా వంట పెట్టింది. వాళ్ల ఒంట్లో బీపీఏ సగటున 66 శాతం, ఒక రకం థాలేటు జాడలు సగానికి పైగా తగ్గాయి. మూడంటే మూడు రోజుల్లో!

---
ఇంట్లో ఇవి చాలు

• వేడి, నూనె, పులుపు – ఈ మూడూ ప్లాస్టిక్‌లో వద్దు. టీ, సాంబారు, చింతపండు పులుసు, పచ్చడికి స్టీలు, గాజు, జాడీ, మట్టి.

• సంతకెళ్లేటప్పుడు సంచిలో ఒక స్టీలు క్యాను, రెండు గ్లాసులు.

• గీతలుపడిన, మసకబారిన ప్లాస్టిక్ డబ్బాల్లో తిండి ఉంచొద్దు.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చంటిపిల్లల విషయంలో ఈ జాగ్రత్తలు ముందు. పాలసీసా తప్పనిసరైతే గాజు లేదా స్టీలు.

• అయోడిన్ ఉప్పే వాడాలి. మూత బిగించిన డబ్బాలో దాచాలి.

• ప్లాస్టిక్‌తో పొయ్యి రాజేయొద్దు. తగలబెట్టొద్దు.
---

ఆకు ఇంకా అడవిలోనే ఉంది

కొండల్లో ప్లాస్టిక్‌ను ఆపడం కుదరని పనేమీ కాదు. నీలగిరి జిల్లాలో కలెక్టర్ సుప్రియా సాహు 2000ల మొదట్లోనే ఆ ఉద్యమం నడిపారు. సిక్కిం 2016లో ప్రభుత్వ సమావేశాల నుంచి ప్లాస్టిక్ నీళ్ల సీసాలను తీసేసింది. మన తిరుమల కొండ మీదా టీటీడీ ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపించింది. లక్షల మంది భక్తులు వచ్చే చోట సాధ్యమైనది వారానికోసారి జరిగే సంతలో సాధ్యం కాదా?

ప్రపంచం మొత్తం ఒక ఒప్పందానికి వచ్చేదాకా కూర్చోలేం. ప్లాస్టిక్ ఒడంబడిక కోసం 2024లో బూసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో దేశాలు చర్చించి ఒప్పందం లేకుండానే లేచాయి. కురుపాంలో మొదలుపెట్టడానికి జెనీవా అనుమతి అక్కర్లేదు. మైదానంలో ప్లాస్టిక్‌కు బదులు ఏం వాడాలో వెతుక్కోవాలి. ఇక్కడ ఆ బదులు అడ్డతీగ మీద చిగురిస్తూనే ఉంది. దాన్ని గుచ్చడం తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. కొనేవాళ్లే తగ్గిపోయారు.

అందుకే చేయాల్సిన పనిలో మొదటిది కొనుగోలు. పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని గురుకులాలు, వసతిగృహాలు, ప్రభుత్వ సభల భోజనాలు – వీటన్నిటికీ స్టీలు కంచాలు, అవి సరిపోని చోట అడ్డాకు విస్తర్లే వాడాలని ఒక్క ఉత్తర్వు చాలు. జీసీసీ ఆ విస్తర్లను మహిళా సంఘాల నుంచి గిట్టుబాటు ధరకు కొని విజయనగరం, విశాఖ హోటళ్లకూ చేర్చాలి. రెండోది సంత. టీ కొట్లకూ టిఫిన్ బండ్లకూ అద్దెకు స్టీలు క్యాన్లు, కడుక్కోవడానికి కుళాయి నీళ్లు పంచాయతీ ఏర్పాటు చేయాలి. జరిమానా రాసే ముందు చేతికి మరో దారి చూపించాలి. మూడోది తల్లులు. అంగన్‌వాడీలో గర్భిణికి ఐరన్ మాత్రలతో పాటు ‘వేడిది కవర్లో కట్టించుకోవద్దమ్మా’ అన్న మాట కూడా ఆమెకు తెలిసిన భాషలో, సవరలోనూ కువిలోనూ చెప్పాలి. నాలుగోది పరిశోధన. గిరిజన తల్లుల మీదా పిల్లల మీదా ఈ రసాయనాల ప్రభావాన్ని హైదరాబాద్ పోషకాహార సంస్థ, విశాఖ వైద్య కళాశాల కలిసి ఇక్కడే అధ్యయనం చేయాలి. మన పిల్లల సంగతి న్యూయార్క్ లెక్కల నుంచి ఊహించుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

ఇవేవీ కోట్లు గుమ్మరించాల్సిన పనులు కావు. కొండ బిడ్డ చదువు కోసం మనం బళ్లు కట్టాం, వసతిగృహాలు కట్టాం, కురుపాంలో ఇంజనీరింగ్ కళాశాలకు పునాదిరాయి వేశాం. ఆ చదువు నిలవాల్సింది మెదడులో. ఆ మెదడు తల్లి కడుపులో రూపు కట్టుకునే తొమ్మిది నెలలూ తల్లికి శుభ్రమైన తిండి, శుభ్రమైన నీళ్లు, శుభ్రమైన పాత్ర అందించడం మన బాధ్యత. బడి అక్కడి నుంచే మొదలవుతుంది.